స్మిచ్కెమ్ అంటే ఆర్కో: పోలిష్ ఆర్కెస్ట్రా పార్టులను ఇంగ్లీషులోకి తేవడం ఎలా

వయోలా పార్టులో, అంటే ఆ వాద్యకారుడి ముందుండే స్వరకాగితంలో, పది బార్ల (తాళపు గడుల) పిజ్జికాటో అయ్యాక, గీతల పైన చిన్న అక్షరాలతో ఒకే ఒక్క మాట కనిపిస్తుంది: ‘స్మిచ్కెమ్’. నిఘంటువులో ఈ మాట ఈ రూపంలో దొరకదు. ‘స్మిచెక్’ దొరుకుతుంది, అంటే ఫిడేలు కమాను. అది చూసి ఇంగ్లీషు పార్టులో ‘బౌ’ అని రాసేస్తే, కమానుని ఏం చేయమంటున్నారో వాయించేవాళ్లకు తెలియదు. పైకి లాగాలా, కిందికి లాగాలా, మార్చాలా? అసలు మాటకు అర్థం ‘కమానుతో’. వేళ్లతో మీటడం ఆపి మళ్లీ కమానుతో వాయించమని చెబుతోంది. దీనికి ఏ దేశపు ఆర్కెస్ట్రాలోనైనా తీగవాద్యాలవాళ్లు చూడగానే పట్టుకునే మాట ‘ఆర్కో’. అది ఇటాలియన్ మాటే. అయినా ఇంగ్లీషు పార్టులో రాయాల్సింది అదే.

ఈ పని పట్టు అంతా ఇక్కడే ఉంది. ఆర్కెస్ట్రా పార్టులోని ప్రతి మాటా ఒక చేతినో, ఒక ఊపిరినో, ఒక డ్రమ్ము పుల్లనో కదిలించడానికే ఉంటుంది. అందుకే మాటకు అర్థం వెతికే ముందు, ఆ బార్ దగ్గర ఆ వాద్యకారుడు శరీరంతో ఏం చేయాలో తేల్చుకోవాలి. అది తేలాక, అదే పనికి ఇంగ్లీషు ఆర్కెస్ట్రాల్లో రోజూ వాడే మాట ఏదో చూడాలి. 60 మంది కూర్చున్న రిహార్సల్ ఒక మాట దగ్గర ఒక్క నిమిషం ఆగితే, అందరి లెక్కా కలిపి గంట పోయినట్టు. అలాంటి మాటలు పార్టులో పది ఉంటే కండక్టర్ సంగీతం వదిలేసి నిఘంటువు పని చేయాల్సి వస్తుంది.

పోలిష్ వ్యాకరణం గురించి ఒక ముక్క ముందే చెప్పుకోవాలి. ఆ భాషలో ఏడు విభక్తులు. ప్రత్యయం మాట చివర అతుక్కుపోతుంది, ఒక్కోసారి మాట నడుముని కూడా మార్చేస్తుంది. ‘కమాను, కమానుతో, కమానుకి’ అని పుట్టినప్పటినుంచి అంటున్న మనకు ఇది ఇంగ్లీషువాళ్లకన్నా తొందరగా పట్టుబడుతుంది. స్మిచ్కెమ్ అచ్చంగా మన తృతీయా విభక్తి లాంటిదే. ‘త్వూమిక్’ అంటే మ్యూట్, వాద్యం ధ్వనిని అణిచే చిన్న పరికరం. ‘స్ త్వూమికెమ్’ అంటే మ్యూట్‌తో, ‘బెస్ త్వూమికా’ అంటే మ్యూట్ లేకుండా. ఇంగ్లీషు పార్టులో వీటిని ‘కాన్ సోర్డ్.’, ‘సెంజా సోర్డ్.’ అని రాస్తే చాలు. విడి మాటని యంత్రానికి ఇస్తే ‘సైలెన్సర్’ అని రావచ్చు, ఎందుకంటే పోలిష్‌లో కారు సైలెన్సర్‌నీ త్వూమిక్ అనే అంటారు. పియానో లోపలి డ్యాంపర్లకూ అదే పేరు. కాబట్టి పియానో పార్టులో కనిపిస్తే ఇంకో అర్థం ఉండొచ్చని ఆగి చూడాలి. ట్రంపెట్ పార్టులో మ్యూట్ రకం చెప్పకపోతే వాడుక ప్రకారం వాళ్లు స్ట్రెయిట్ మ్యూటే పెట్టుకుంటారు. అసలులో లేని రకాన్ని అనువాదకుడు చేర్చకూడదు.

నడుము మారే మాటలకు మంచి ఉదాహరణ టింపనీ. ఒక్క డ్రమ్ము అయితే ‘కొచోవ్’, రెండుమూడైతే ‘కోట్వి’. హార్న్ ఒకటైతే ‘రుగ్’, ఎక్కువైతే ‘రోగీ’. స్కోరులో, అంటే అన్ని వాద్యాల స్వరాలూ ఒకేచోట ఉండే కండక్టర్ ప్రతిలో, కనిపించిన రూపాన్ని నిఘంటువులో వెతికి, లేదని వదిలేయకుండా ప్రథమా విభక్తి ఏకవచనం ఏమై ఉంటుందో ముందు కట్టుకోవాలి.

బి ఎక్కడ, హెచ్ ఎక్కడ

పోలిష్ నుంచి ఇంగ్లీషుకి వచ్చేటప్పుడు అన్నిటికన్నా పెద్ద నష్టం ఒక్క అక్షరం వల్ల జరుగుతుంది. పోలండ్‌లో స్వరాల పేర్లు జర్మన్ పద్ధతిలో నడుస్తాయి. అక్కడ ‘బి’ అని రాస్తే ఇంగ్లీషు లెక్కలో బి-ఫ్లాట్, అంటే మామూలు బి కన్నా ఒక సెమిటోన్ (అర మెట్టు) కింది స్వరం. ఇంగ్లీషు బి-నాచురల్‌ని, అంటే ఆ మామూలు బిని, వాళ్లు ‘హెచ్’ అక్షరంతో రాసి ‘హా’ అని పలుకుతారు. స్వరానికి ‘ఇస్’ చేరితే షార్ప్ (సెమిటోన్ పైకి), ‘ఎస్’ చేరితే ఫ్లాట్. అలా ‘త్సిస్’ అంటే సి-షార్ప్, ‘దెస్’ అంటే డి-ఫ్లాట్. ఇ-ఫ్లాట్‌ని ‘ఎస్’ అని, ఎ-ఫ్లాట్‌ని ‘ఆస్’ అని కురచ చేస్తారు. మేజర్‌కి ‘దుర్’, మైనర్‌కి ‘మోల్’. మేజర్ స్కేల్ పేరు పెద్దక్షరంతో, మైనర్ పేరు చిన్నక్షరంతో రాయడం వాడుక.

మన దగ్గర కీబోర్డు, గిటార్ నేర్చుకున్నవాళ్లకు ఇంగ్లీషు అక్షరాలే అలవాటు కాబట్టి ఈ తేడా కంటికి ఆనదు. షోపాన్ రెండో పియానో సొనాటా, ఓపస్ 35, పోలిష్‌లో ‘బి-మోల్’. మూడోది, ఓపస్ 58, ‘హా-మోల్’. మొదటిదాన్ని ఇంగ్లీషులో బి-మైనర్ అని రాస్తే అది మూడో సొనాటా స్కేల్ అయిపోతుంది. కచేరీ కరపత్రంలో ఇలా జరిగితే సర్దుకోవచ్చు. క్లారినెట్ పార్టు మీద జరిగితే వాయించడం మొదలుపెట్టగానే సెమిటోన్ తేడా వస్తుంది.

ఎలాగంటే, ‘క్లార్నెట్ ఇన్ బి’ అంటే ఇంగ్లీషులో బి-ఫ్లాట్ క్లారినెట్, అంటే పార్టులో సి అని రాసింది వాయిస్తే బి-ఫ్లాట్‌గా వినిపించే వాద్యం. ‘త్రోంప్కా ఇన్ బి’ అంటే బి-ఫ్లాట్ ట్రంపెట్. అక్షరాన్ని మార్చకుండా వదిలేస్తే ఇంగ్లీషు పాఠకుడు బి-నాచురల్ అనుకునే వీలుంది. 19వ శతాబ్దపు సంగీతంలో బి-నాచురల్ హార్న్‌లు నిజంగానే ఉన్నాయి, వాటినే ఆ కాలపు పార్టుల్లో ‘ఇన్ హెచ్’ అని రాశారు. కాబట్టి ‘అలాంటి వాద్యం ఉండదులే’ అని ఊహతో దిద్దడం కుదరదు. కీ సిగ్నేచర్‌తో, అంటే గీతల మొదట్లో ఉండే షార్పు, ఫ్లాట్ గుర్తులతో, సరిచూడాలి. తీగవాద్యాల పార్టులో మూడు ఫ్లాట్లు, అంటే ఇ-ఫ్లాట్ మేజర్ ఉందనుకోండి. బి-ఫ్లాట్ క్లారినెట్ పార్టులో ఒక్క ఫ్లాటే ఉండాలి, ఎఫ్-మేజర్. అదే వాద్యం బి-నాచురల్‌లో ఉంటే నాలుగు షార్పులతో ఇ-మేజర్ కనిపించాలి. లెక్క ఎటు తేలితే వాద్యం అదే. హార్న్, ట్రంపెట్, టింపనీ పార్టులకు పాత అచ్చుల్లో కీ సిగ్నేచర్ పెట్టరు గనక, అందరూ కలిసి వాయించే ఒక నిలకడ కార్డ్ (ఒకేసారి పలికే స్వరాల కూర్పు) చూసుకుని, ఆ పార్టులోని స్వరం ఏ ధ్వనిగా వినిపిస్తే కార్డ్‌లో ఇముడుతుందో కట్టి చూడాలి.

టింపనీ పార్టులో ఇంకో రకం ముడి ఉంటుంది. ఒకచోట డ్రమ్ముని ‘బి’ నుంచి ‘హెచ్’కి మార్చమని రాసి ఉంటుంది. అంటే బి-ఫ్లాట్ నుంచి బి-నాచురల్‌కి, సరిగ్గా ఒక సెమిటోన్ పైకి. ఇంగ్లీషులో రెండు అక్షరాలకూ పక్కన గుర్తు తప్పకుండా పెట్టాలి. ‘బి’ అని ఒంటరిగా వదిలితే, జర్మన్ పద్ధతిలో చదువుకున్న టింపనిస్టు దాన్ని మళ్లీ ఫ్లాట్‌గా చదువుతాడు. పోలండ్ నుంచి వచ్చిన పార్టని తెలిస్తే మరీ అలా చదువుతాడు. అందుకే ఇలాంటి సెట్లలో బి పక్కన ‘నాచురల్’ గుర్తుని ప్రతిసారీ రాయడం మంచిది, మామూలు ఇంగ్లీషు అచ్చులో అవసరం లేకపోయినా.

కంప్యూటర్‌లో మొత్తం ఒకేసారి మార్చేవాళ్లకు వరస ముఖ్యం. ముందు హెచ్‌ని బి చేసి, తర్వాత బిని బి-ఫ్లాట్ చేస్తే, అసలు బి-నాచురల్స్ కూడా ఫ్లాట్ అయి కూర్చుంటాయి. ఏది ఏదో విడదీయడానికి మళ్లీ మూలం ముందేసుకోవాలి. ముందు బిని బి-ఫ్లాట్ చేయాలి, ఆ తర్వాతే హెచ్‌ని బి చేయాలి. అప్పుడు కూడా ఒక్కొక్కటిగా చూస్తూ ఒప్పుకోవాలి. ‘ఆస్’ అనే మాట పోలిష్‌లో పేకముక్కల్లో ఆసు కూడా. అక్షరాలు ఇంగ్లీషు ‘యాజ్’ లాగే ఉంటాయి. యంత్రానువాదం దాన్ని ఏం చేస్తుందో ముందే చెప్పలేం. స్వరాల పేర్లను యంత్రానికి ఇవ్వకుండా చేత్తో మార్చడమే నయం.

వాద్యాల పేర్లలో ఉచ్చులు

ఫ్లెట్, ఓబుయ్, ఫాగోట్, పూజోన్, హార్ఫా వంటివి వినగానే తెలిసిపోతాయి. ఫాగోట్ బసూన్, పూజోన్ ట్రాంబోన్. వాల్తోర్న్యా, రుగ్ రెండూ హార్న్‌కే పేర్లు. అల్తుఫ్కా వయోలా. రోజెక్ అంగ్యెల్‌స్కీని అమెరికాకి పంపే పార్టులో ఇంగ్లిష్ హార్న్ అని, బ్రిటన్‌కి పంపేదానిలో కోర్ ఆంగ్లే అని రాస్తారు. ఆగి చూడాల్సినవి కొన్ని వేరే ఉన్నాయి.

‘ఫోర్తెప్యాన్’ అంటే మామూలు గ్రాండ్ పియానో. ఇంగ్లీషులో ‘ఫోర్టెపియానో’ అంటే 18వ శతాబ్దపు, తేలిక ధ్వని ఉన్న పాత వాద్యం. అక్షరాలు కలిశాయని అలాగే దించితే, ఎవరో నిజంగానే ఆ పాత వాద్యాన్ని అద్దెకు వెతకడం మొదలుపెడతారు. ‘ఫ్లెట్ ప్రోస్తి’ అంటే మాటకు మాటగా ‘తిన్నని ఫ్లూటు’, వాద్యం మాత్రం రికార్డర్. ‘జ్వోంకీ’ గ్లాకెన్‌స్పీల్ అయితే ‘జ్వోనీ’ గొట్టాల గంటలు, అంటే ట్యూబ్యులర్ బెల్స్. రెండింటికీ నిఘంటువు ‘గంటలు’ అనే చెబుతుంది. ఒకటి అడిగితే రెండోది వేదిక మీదికి వస్తే చేయగలిగేది ఏమీ ఉండదు.

‘తాలెష్’ అంటే పళ్లెం. ఆర్కెస్ట్రాలో సింబల్. ‘తాలెజె’ అని బహువచనం ఉంటే సాధారణంగా చేతుల్లో పట్టుకుని కొట్టే జత. ఏకవచనం ఉండి, పక్కన ‘పావ్కోం’ అంటే ‘పుల్లతో’ అని ఉంటే అది స్టాండుకి వేలాడదీసిన సస్పెండెడ్ సింబల్. ఇంగ్లీషులో ‘సింబల్’ అని రాసి ఊరుకుంటే సామాను సర్దేవాళ్లకు ఏది తేవాలో తెలియదు. పెర్కషన్ పార్టు మొదటి పేజీలో వాద్యాల జాబితా ఉంటుంది కదా, లోపలి పేజీల్లో ఏ పుల్లలు అడిగారో మొత్తం చూసుకున్నాకే దాన్ని అనువదించాలి.

‘స్క్షిప్త్సె’ అంటే వయోలిన్. పోలిష్‌లో ఈ మాటకు ఏకవచనమే లేదు, మన ‘పాలు’, ‘నీళ్లు’ లాగా. ఒక్క వయోలిన్ ఉన్నా రూపం బహువచనమే. అందుకని ఒక చోట స్క్షిప్త్సె అని ఉన్నంత మాత్రాన అది మొత్తం బృందమా, ఒక్కరా అన్నది మాటని బట్టి తేలదు. పక్కన ‘సోలో’ ఉందా, రోమన్ అంకె ఉందా, స్కోరులో మిగతా వయోలిన్లు ఆ సమయంలో ఏం చేస్తున్నాయి అన్నది చూసి ఏకవచనమో బహువచనమో నిర్ణయించాలి. పార్టు ఒక్కటే చేతిలో పెట్టుకుని ఈ పని చేయలేం. స్కోరు పక్కన ఉండాల్సిందే.

ఒకే మాట, రెండు ప్రపంచాలు

‘క్లూచ్’ అంటే తాళంచెవి, ఇంగ్లీషులో ‘కీ’. సంగీతంలో మాత్రం క్లూచ్ అంటే క్లెఫ్, ఏ గీత ఏ స్వరమో చెప్పే గుర్తు. స్కేల్ అనే అర్థంలో ‘కీ’కి పోలిష్ మాట ‘తొనాత్స్యా’. ‘ఆల్టో క్లూచ్‌కి మారండి’ అన్నదాన్ని ‘ఆల్టో కీ’ అని రాస్తే ఇంగ్లీషులో దానికి అర్థమే లేదు.

‘వుక్’ మనల్ని ప్రత్యేకంగా మోసం చేస్తుంది. తెలుగులో కమాను అంటే ద్వారం మీది వంపూ అవుతుంది, ఫిడేలు వాయించే కమానూ అవుతుంది. వుక్ అంటే విల్లు, కట్టడాల్లో కమాను, సంగీతంలో స్లర్. స్వరాల మీద గీసే వంపుగీత అన్నమాట. వాయించే కమానుకి మాత్రం ఆ మాట ఎప్పుడూ వాడరు, దానికి స్మిచెక్ ఉంది. నిఘంటువులో వుక్ ఎదురుగా ‘బౌ’ అని చూసి వయోలిన్ పార్టులో దించితే, స్లర్ గురించి చెప్పిన మాట కమాను గురించి చెప్పినట్టు మారిపోతుంది. వయోలిన్ పార్టు కాబట్టి ఎవరికీ అనుమానం కూడా రాదు. బయటపడని తప్పు ఇలాంటిదే.

‘స్త్రుయ్’ అంటే దుస్తులు, వేషం. వాద్యానికైతే శ్రుతి. ‘పావుజా’ అంటే రెస్ట్, వాయించకుండా ఉండే కాలం. దాన్ని ‘పాజ్’ అని మార్చితే బ్రిటిష్ వాడుకలో అది ఫెర్మాటా, స్వరాన్ని సాగదీసి నిలిపే గుర్తు. మౌనం అడిగినచోట సాగదీత వస్తుంది. ‘తాక్ట్’ అంటే బార్. ‘చెంష్చ్’ అంటే భాగం, ఆర్కెస్ట్రా రచనలో మాత్రం మూవ్‌మెంట్. ‘గ్వోస్’ అంటే గొంతు, ఇక్కడ ఒక్కో వాద్యకారుడి పార్టు. చెంష్చ్‌ని ‘పార్ట్’ అని, గ్వోస్‌ని ‘వాయిస్’ అని రాస్తే రెండో మూవ్‌మెంట్ కాస్తా రెండో పార్టు అవుతుంది, బాక్సు మీద ‘ఆర్కెస్ట్రా వాయిసెస్’ అని చీటీ పడుతుంది. లైబ్రేరియన్ కోరస్ ఎక్కడని వెతుకుతారు.

‘ఓస్త్రో’ అంటే పదునుగా. ఇంగ్లీషు ‘షార్ప్’ సంగీతంలో శ్రుతి పైకి పోవడాన్ని చెబుతుంది కాబట్టి ఆ మాట ఇక్కడ పెట్టకూడదు. కరుకుగా, కొరికినట్టు వాయించమని చెప్పే ‘బైటింగ్’ సరిపోతుంది. ‘దోష్చ్ షిప్కో’లో దోష్చ్‌కి నిఘంటువు ‘చాలు’ అనే అర్థం కూడా ఇస్తుంది. ఇక్కడ అర్థం ‘ఒక మోస్తరు వేగంగా’.

ఇక ‘వోల్నో’. టెంపోగా వస్తే నెమ్మదిగా అని. మామూలు వాక్యంలో అదే మాట ‘చేయవచ్చు’ అనే అనుమతి, ‘న్యె వోల్నో’ అంటే ‘చేయకూడదు’. సూచనల పేజీలో న్యె వోల్నో కనిపిస్తే దాదాపు ఎప్పుడూ నిషేధమే: ఉదాహరణకు ఫలానా చోట కమాను మార్చకూడదు. దాన్ని ‘నెమ్మదిగా కాదు’ అని అనువదిస్తే వాయించేవాళ్లు వేగం పెంచుతారు. ‘వోల్ని’ అనే విశేషణానికి స్వేచ్ఛ అనే అర్థం కూడా ఉంది, కానీ స్వేచ్ఛగా వాయించమని చెప్పాలంటే స్వరకర్తలు ‘స్వోబోద్న్యె’ అంటారు.

టెంపో మాటలకు ముందు వచ్చే చిన్న పదాలను కూడా కొలిచి మార్చాలి. వోల్నెయ్ అంటే ఇంకాస్త నెమ్మదిగా. దానికి ముందు ‘త్సోరాజ్’ వస్తే అంతకంతకూ నెమ్మదిగా, అంటే క్రమంగా జరిగే మార్పు. ‘యెష్చె’ వస్తే ఇంతకుముందే నెమ్మదించాం, ఇప్పుడు ఇంకా నెమ్మదిగా అని. అది ఆ బార్ నుంచే అమలయ్యే మార్పు. రెండింటికీ ‘స్లోవర్’ అని ఒకటే మాట రాస్తే కండక్టర్‌కి ఒకచోట ఏటవాలు, ఒకచోట మెట్టు ఉన్న సంగతి తెలియదు. ‘యాక్ నాయ్‌చిషెయ్’ అంటే వీలైనంత నిశ్శబ్దంగా.

‘జా’ అనే రెండక్షరాల మాట ఒక్కటే మూడు రకాల సూచనల్లో వస్తుంది. ‘జా పొత్స్తాఫ్కెమ్’ అంటే బ్రిడ్జి (తీగలను ఎత్తి నిలిపే చెక్క ముక్క) వెనక. ‘న్యె జా షిప్కో’ అంటే మరీ వేగంగా వద్దు. ‘జా స్త్సెనోం’ అంటే వేదిక వెనకనుంచి. ‘స్త్సెనా’కి వేదిక, దృశ్యం అని రెండు అర్థాలు ఉండటంతో, దీన్ని ‘సీన్ అయ్యాక’ అని మార్చే ప్రమాదం ఉంది. ఒపెరాల్లో ఇది ఎక్కువ. తెర వెనక కూర్చోవాల్సిన హార్న్ జత ఆర్కెస్ట్రా గుంటలోనే కూర్చుంటుంది.

ఒకసారా, ఆగకుండానా

ఇంగ్లీషులోకి వచ్చేటప్పుడు ఎక్కువగా జారిపోయేది క్రియ. పోలిష్ క్రియలు జంటలుగా ఉంటాయి. ఒకటి జరుగుతూ ఉండే పనికి, ఒకటి జరిగి ముగిసే పనికి. ‘పొఫ్తాజాచ్’ అంటే మళ్లీ మళ్లీ వాయిస్తూ ఉండమని, ‘పొఫ్తూజిచ్’ అంటే ఒకసారి మళ్లీ వాయించి ముగించమని. ఇంగ్లీషు ‘రిపీట్’ రెండింటినీ మింగేస్తుంది. తెలుగులో ‘వాయిస్తూ ఉండాలి’కి ‘వాయించాలి’కి ఉన్న తేడా మనకు చెవికి తెలుసు కాబట్టి, అనుమానం వచ్చినప్పుడు ముందు తెలుగులో చెప్పుకుని చూస్తే తేలిపోతుంది. ఇంగ్లీషులో మొదటిదానికి ‘కీప్ రిపీటింగ్’, రెండోదానికి ‘ప్లే ట్వైస్’ లేదా ‘రిపీట్ వన్స్’ అని విడమర్చాలి. ‘త్వూమిచ్’ కంపనాన్ని అణుస్తూ ఉండటం, ‘స్త్వూమిచ్’ ఒక్కసారి అణిచేయడం. సింబల్ పార్టులో ఈ తేడా హాలంతా వినిపిస్తుంది.

వితోల్ద్ లుతొస్వాఫ్‌స్కి 1961లో గ్రి వెనెత్స్క్యె అనే రచనతో మొదలుపెట్టి, కండక్టర్ తాళానికి కట్టుబడకుండా ఒక్కొక్కరూ తమ వేగంతో వాయించే ఘట్టాలు రాశాడు. అలాంటి సంగీతంలో స్వరాలకన్నా సూచనలే నిర్మాణాన్ని మోస్తాయి. కండక్టర్ సైగ రాగానే ఎక్కడున్నవాళ్లు అక్కడే ఆగాలా, మొదలుపెట్టిన పదబంధం పూర్తిచేసి ఆగాలా అన్నది ఒక్క క్రియారూపం మీద ఆధారపడుతుంది. ఇలాంటి పేరాలను పొదుపుగా అనువదించకూడదు. ఇంగ్లీషు వాక్యం అసలుకన్నా రెండింతలైనా సరే, సైగ, ఆ తర్వాతి పని, ముగింపు మూడూ విడివిడిగా కనిపించాలి.

క్షిష్తోఫ్ పెండెరెత్స్కి హిరోషిమా బాధితులకు అంకితమిచ్చిన త్రెన్ (శోకగీతం) అనే రచనలో 52 తీగవాద్యాలున్నాయి: 24 వయోలిన్లు, 10 వయోలాలు, 10 చెల్లోలు, 8 డబుల్ బేస్‌లు. అందులో కమాను ఎక్కడ ఆనాలన్నదే సంగీతం. బ్రిడ్జికి, టెయిల్‌పీస్‌కి (తీగల కింది కొసలు కట్టే ముక్కకి) మధ్య, బ్రిడ్జి వెనక నాలుగు తీగల మీద, టెయిల్‌పీస్ మీద, బ్రిడ్జి మీద. పోలిష్‌లో బ్రిడ్జి పొత్స్తావెక్, టెయిల్‌పీస్ స్త్రున్నిక్. ‘ప్షి పొత్స్తాఫ్కు’ అంటే బ్రిడ్జి దగ్గర, అది అందరికీ తెలిసిన సుల్ పాంటిచెల్లో. జా పొత్స్తాఫ్కెమ్ అంటే బ్రిడ్జి దాటి అవతల. దగ్గర వాయిస్తే స్వరం గరగరలాడుతూనే వినిపిస్తుంది. అవతల వాయిస్తే వేలు ఎక్కడ పెట్టినా ఆ స్వరం రాదు, కీచుమనే పొట్టి ధ్వని వస్తుంది. ఈ రెండూ కలిసిపోతే ఆ రచన మిగలదు. ‘నాయ్‌విష్షి జ్వ్యెన్క్’ అంటే ఆ వాద్యం మీద పలికే అత్యంత పై స్వరం. ‘పార్టులో రాసిన పై స్వరం’ అని అర్థం వచ్చేలా ఇంగ్లీషు వాక్యం కట్టకూడదు.

ఏది ఇటాలియన్‌లో, ఏది ఇంగ్లీషులో

పోలిష్ స్కోరులో భాషలు కలిసే ఉంటాయి. టెంపో, ధ్వని స్థాయి ఎక్కువగా ఇటాలియన్‌లో ఉంటే, వివరణలు, వేదిక సూచనలు పోలిష్‌లో ఉంటాయి. ఇటాలియన్‌ని కదిలించకూడదు. పోలిష్‌లో ఉన్న వాయించే పద్ధతికి అందరికీ తెలిసిన ఇటాలియన్ సంక్షిప్తం ఉంటే అదే వాడాలి: ఆర్కో, కాన్ సోర్డ్., సుల్ పాంట్., కోల్ లెన్యో. చూసిన కన్ను ఆగకుండా చేతికి పని చెబుతుంది. సంగీత సాఫ్ట్‌వేర్ కూడా ఇలాంటి మాటలనే గుర్తుపట్టి ప్లేబ్యాక్‌లో ధ్వని మారుస్తుంది.

భావాన్ని, టెంపోని చెప్పే పోలిష్ మాటలను మాత్రం ఇంగ్లీషులోనే పెట్టాలని గట్టిగా చెబుతాను. ‘ష్ప్యెవ్న్యె’ అంటే పాడినట్టు. దాన్ని కాంటాబిలే చేయాలని చెయ్యి దురదపెడుతుంది. అదే స్కోరులో వేరేచోట స్వరకర్త కాంటాబిలే అని ఇటాలియన్‌లోనే రాసి ఉంటే, ఆయన రెండు మాటలుగా ఉంచినవి ఒకటైపోతాయి. మజూర్, కుయావ్యాక్, ఒబెరెక్, క్రకోవ్యాక్ అనే నృత్యాల పేర్లు టెంపో స్థానంలో వస్తే అనువదించవద్దు. స్తనిస్వాఫ్ మొన్యూష్కో హల్కా ఒపెరాలో మజూర్ అంటే ఆ నడకే. కుయావ్యాక్ నిదానమైనదని, ఒబెరెక్ చాలా చురుకైనదని, రెండూ మూడు లెక్కల తాళమేనని సూచనల పేజీలో ఒక వాక్యం చేరిస్తే చాలు.

బ్రిటిష్ ఇంగ్లీషా, అమెరికన్ ఇంగ్లీషా అన్నది మొదటి రోజే తేల్చుకోవాలి. పోలిష్‌లో స్వరాల నిడివికి అంకెల పేర్లు: ‘ఊసెమ్కా’ ఎనిమిదో వంతు, ‘షెస్నాస్త్కా’ పదహారో వంతు. అమెరికన్ పద్ధతికి ఇవి నేరుగా కుదురుతాయి. బ్రిటిష్ క్వేవర్, సెమీక్వేవర్ వాడితే సెట్ అంతా అవే వాడాలి. మొదటి వయోలిన్ పార్టులో బార్ అని, చెల్లో పార్టులో మెజర్ అని ఉండకూడదు.

బల్ల మీద పని

ముందు స్కోరు మొత్తం తిరగేసి ప్రతి పోలిష్ మాటనీ, బార్ నంబరునీ, ఏ వాద్యానిదో ఒక పట్టికలో ఎక్కించాలి. పార్టుల నుంచి మొదలుపెడితే ఒకే మాటకు ఇద్దరు అనువాదకులు రెండు ఇంగ్లీషు మాటలు పెట్టేస్తారు. ఆ పట్టికలో ఒక్కో పోలిష్ రూపానికి ఒకే ఇంగ్లీషు రూపం స్థిరపడ్డాకే పార్టులు ముట్టుకోవాలి. వాయించే పద్ధతికి చెందిన మాటలన్నీ ఆ వాద్యం వాయించేవాళ్లకు చూపించాలి. బ్రిడ్జి వెనక అన్న మాట వయోలిన్ పట్టుకున్నవాళ్లకు ఒక క్షణంలో తేలుతుంది, కాగితం మీద గంట పట్టొచ్చు.

పాత కంప్యూటర్ ఫైళ్లు వస్తే అక్షరాల సంగతి చూసుకోవాలి. మధ్య యూరప్ ఎన్‌కోడింగ్‌లో దాచిన ఫైలుని పశ్చిమ యూరప్ ఎన్‌కోడింగ్‌లో తెరిస్తే, అడ్డగీత ఉన్న ఎల్ అక్షరం పైకెత్తిన చిన్న 3 లాగా, చుక్క ఉన్న జెడ్ తలకిందుల ప్రశ్నార్థకంలాగా కనిపిస్తాయి. త్వూమిక్ మధ్యలో 3 చూసి ట్రిప్లెట్ (మూడు స్వరాల గుంపు) గుర్తు అనుకుని ఎవరూ దిద్దకూడదు. ఫైలుని సరైన ఎన్‌కోడింగ్‌లో మళ్లీ తెరిస్తే అన్నీ సర్దుకుంటాయి. చేతిరాత స్కోరుల్లో ఆ ఎల్ మీది అడ్డగీత అక్షరం నెత్తిమీదికి జరిగి, టి లాగా కనబడటం మామూలే.

ఇంగ్లీషు వాక్యం చాలాసార్లు పోలిష్‌కన్నా పొడుగు. యాక్ నాయ్‌చిషెయ్ రెండు మాటలు, దాని ఇంగ్లీషు నాలుగు. ఇరుకు బార్‌లో అది పక్క బార్ మీదికి పాకి, అక్కడి ధ్వని గుర్తుని కప్పేస్తుంది. అలాంటప్పుడు మాటని కుదించాలి గాని, సూచనని ముందుకో వెనక్కో జరపకూడదు. ఏ స్వరం మీద మొదలవ్వాలో మాట మొదటి అక్షరం ఆ స్వరం మీదే ఉండాలి. మ్యూట్ సిద్ధం చేసుకోమనే హెచ్చరిక ఒక్కటి దీనికి భిన్నం, అది ముందున్న రెస్ట్‌లోనే ఉండాలి. స్కోరులో పోలిష్, ఇంగ్లీషు రెండూ ఉంచి, పార్టుల్లో ఇంగ్లీషు మాత్రమే ఉంచడం నాకు సరైన పద్ధతిగా తోస్తుంది. కండక్టర్‌కి అనుమానం వస్తే మూలం కళ్ల ముందు ఉంటుంది, వాయించేవాళ్లకు గజిబిజి ఉండదు.

హక్కులు కూడా చూడాలి. యూరోపియన్ యూనియన్‌లో స్వరకర్త చనిపోయిన 70 ఏళ్ల దాకా రక్షణ ఉంటుంది. మొన్యూష్కో 1872లో, మ్యెచిస్వాఫ్ కర్వోవిచ్ 1909లో, కరోల్ షిమనోఫ్‌స్కి 1937లో పోయారు కాబట్టి అక్కడ వారి రచనలకు ఆ గడువు దాటింది. లుతొస్వాఫ్‌స్కి 1994లో, పెండెరెత్స్కి 2020లో పోయారు. వాళ్ల పార్టులను మార్చి అచ్చువేయాలంటే ప్రచురణకర్త అనుమతి కావాలి. అద్దె పార్టులైతే పెన్సిల్‌తో తేలికగా రాయడం, లేదా ఒక్కో స్టాండు మీద ఒక పేజీ పదకోశం పెట్టడం దారి.

చివరి తనిఖీకి సంగీతజ్ఞానం కూడా అక్కర్లేదు, లెక్కపెడితే చాలు. ప్రతి పార్టులోనూ కాన్ సోర్డ్. ఎన్నిసార్లు వచ్చిందో, సెంజా సోర్డ్. ఎన్నిసార్లు వచ్చిందో రాసుకోండి. పిజ్జికాటోలను, ఆర్కోలను అలాగే. స్కోరులోని పోలిష్ మాటల లెక్కతో అవి సరిపోవాలి. రెండో వయోలిన్ పార్టులో మ్యూట్ పెట్టమని మూడుసార్లు, తీయమని రెండుసార్లే ఉంటే, మూవ్‌మెంట్ చివరిదాకా మ్యూట్‌తోనే వాయించాలని స్వరకర్త అనుకుని ఉండొచ్చు, లేదా ఒక ‘బెస్ త్వూమికా’ పేజీ మలుపులో రాలిపోయి ఉండొచ్చు. మొదటి వయోలిన్ పార్టు పక్కన పెట్టుకుని అదే బార్ చూస్తే ఏది నిజమో తెలుస్తుంది.